నడిచింది కదా అనుకున్నాను

మా ఊరు బిట్రగుంట. కావలికీ నెల్లూరుకీ మధ్య రైల్లో తిరిగేవాళ్ళకు ఆ పేరు తెలిసే ఉంటుంది. ఆవిరి ఇంజన్ల రోజుల్లో అక్కడ పెద్ద లోకోషెడ్డు ఉండేది. మా నాన్నగారు ఆ షెడ్డులో ఫైర్‌మన్‌గా చేరి డ్రైవరుగా రిటైరయ్యారు. మేము పుట్టి పెరిగిందంతా రైల్వే క్వార్టర్సులోనే.

మా వరసలో చివరి ఇంట్లో ఒక గార్డుగారి తల్లి ఉండేది. పిల్లలమంతా అవ్వా అని పిలిచేవాళ్ళం. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, కార్తీకమాసపు ముసురులో, తెల్లవారుజామున పెరటి కుళాయి దగ్గర జారి పడింది. అంతే, కాలు కదపలేకపోయింది. కాలికి అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టి మంచం మీద పడుకోబెట్టారు. కదలకుండా ఉంటే అతుక్కుంటుందన్నారు. నెల తిరిగేసరికి వీపంతా పుండ్లు. ఆ తర్వాత దగ్గు, జ్వరం. మూడో నెలలో పోయింది. తుంటి విరిగి పోయిందని ఎవరూ అనలేదు. పెద్దది, కాలం తీరింది అన్నారు.

మీ ఇంట్లోనో, మీ పక్కింట్లోనో ఇలాంటి మంచం ఒకటి మీరు చూసే ఉంటారు. "జారిపడింది, మంచం పట్టింది, పోయింది" అని మూడు ముక్కల్లో చెప్పుకుంటాం. ఈ మూడు ముక్కల వెనక ఎంత కథ ఉంటుందో, వైద్యం చదువుకుని పాతికేళ్ళు ప్రాక్టీసు చేసిన నాకు కూడా మా అమ్మ పడేదాకా సరిగా తెలియలేదు. అది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అయినా చెబుతాను. మీకు పనికివస్తుంది.

2012 జనవరి. అమ్మకు 74 ఏళ్ళు. నాన్నగారు పోయి మూడేళ్ళయింది. బిట్రగుంటలో అన్నయ్య దగ్గర ఉండేది. నేను నెల్లూరులో. ఒక గురువారం పొద్దున్నే అన్నయ్య ఫోన్ చేశాడు.

"పాపా, అమ్మ రాత్రి బాత్‌రూముకు పోతా జారింది. లేచి నడిచిందిలే. మోకాలు నొప్పి అంటా ఉంది."

"నడిచిందా?"

"నడిచింది. కుంటతా ఉంది."

"అయితే భయం లేదులే అన్నా. బెణికి ఉంటుంది. మోకాలికి ఆయింట్‌మెంటు రాయండి, నొప్పి మాత్ర ఒకటి వెయ్యి. ఆదివారం నేనొస్తా."

నడిచింది కాబట్టి విరగలేదు, మోకాలు నొప్పి కాబట్టి మోకాలిలోనే బాధ. ఈ రెండు ముక్కలూ చదువురాని వాళ్ళు అనుకుంటే అర్థం ఉంది. నేను అన్నాను. ఆ తర్వాత మూడు రోజులు అమ్మ ఆ కాలితోనే నడిచింది. పలకరించిన వాళ్ళతో, "మా డాక్టరమ్మ చెప్పింది, ఏం కాదంట" అని చెప్పింది. శనివారం సాయంత్రం వంటింట్లో నీళ్ళబిందె వైపు తిరగబోయింది. ఈసారి జారలేదు, తూలలేదు. తిరిగేసరికే టక్కుమన్నదట. అక్కడే కూలబడిపోయింది.

నేను వెళ్ళేసరికి పడుకుని ఉంది. దుప్పటి తీసి చూస్తే వైద్య విద్యార్థికి కూడా తెలిసిపోయే లక్షణం. కుడికాలు ఎడమకాలి కంటే అంగుళం పొట్టిగా ఉంది. పాదం బయటికి తిరిగిపోయి, వేళ్ళు గోడవైపు చూస్తున్నాయి. మడమ పైకెత్తమంటే ఎత్తలేకపోయింది.

ఇక్కడ కాస్త శరీరం గురించి చెప్పాలి. తుంటి విరిగింది అని మనం అంటున్నది నిజానికి తొడ ఎముక పైకొస విరగడం. ఆ ఎముక పైన గుండ్రటి బంతిలా ఉంటుంది. ఆ బంతిని కిందికాడతో కలిపే సన్నటి భాగాన్ని మెడ అంటారు. ఒంటి బరువంతా ఆ మెడ మీదుగా కాలిలోకి దిగుతుంది. బంతికి రక్తం తీసుకుపోయే నాళాలు కూడా చాలావరకు ఆ మెడను పాకుతూనే పైకి వెళతాయి. మెడ విరిగి పక్కకు జరిగిందంటే ఆ నాళాలు తెగుతాయి. బంతి ఎండిపోతుంది. ఇక ఎన్ని నెలలు కదలకుండా పడుకోబెట్టినా అది అతకడం కల్ల. లండన్‌లో ఆస్ట్లీ కూపర్ అనే శస్త్రవైద్యుడు 1822లోనే ఈ తేడా వివరించాడు. కొంచెం కింద, కండరాలు అంటుకునే చోట విరిగితే రక్తం బాగానే అందుతుంది, అతుకుతుంది. మెడ దగ్గర విరిగితే అలా కాదు. మా అవ్వకు ఎక్కడ విరిగిందో చూసినవాళ్ళు లేరు.

కొందరిలో మెడ విరిగినా, విరిగిన ముక్క కిందిదాంట్లో గుచ్చుకుని నిలబడిపోతుంది. అప్పుడు మనిషి కుంటుతూ నడవగలడు. కాలు పొట్టిగా కనిపించదు, పాదం తిరగదు. పైగా తుంటి కీలుకూ మోకాలికీ నరాలు ఒకటే కావడం వల్ల తుంటిలో దెబ్బ మోకాలు నొప్పిగా తెలుస్తుంది. అమ్మకు గురువారం రాత్రి జరిగింది ఇదే. ఆ పూటే ఎక్స్‌రే తీయించి ఉంటే రెండు మూడు స్క్రూలతో ఆ ముక్కను ఉన్నచోటే బిగించడానికి వీలుండేది. నా మాట నమ్మి నడిచిన మూడు రోజుల్లో ఆ ముక్క జారిపోయింది.

అందుకని మొదటి సంగతి ఇది. అరవై దాటినవాళ్ళు పడి, ఆ తర్వాత గజ్జల్లోగాని, తొడలోగాని, మోకాలిలోగాని నొప్పి అంటూ, కాలు మోపడానికి జంకుతుంటే, నడిచినా సరే, తుంటి ఎక్స్‌రే తీయించండి. అందులో ఏమీ కనబడకపోయినా నొప్పి తగ్గకపోతే స్కానింగ్ అడగండి. సన్నటి చీలిక మొదటి ఎక్స్‌రేలో దొరకని సందర్భాలు ఉన్నాయి. నూనె పోసి మర్దన చేయించవద్దు. కాలు పట్టి లాగించవద్దు. చెయ్యి విరిగితే కట్టుకట్టి బాగుచేసేవాళ్ళ పేర్లు మన జిల్లాల్లో చాలా వినపడతాయి. ఆ వాదన ఇప్పుడు నాకొద్దు. తుంటి మెడకు మాత్రం బయటినుంచి కట్టే కట్టు ఏదీ అందదు.

108 బండిలో నెల్లూరు తీసుకుపోయాం. దారి పొడుగునా అమ్మ ఒక్క మాటే అంది, అదీ నిందగా కాదు, మామూలుగా.

"నువ్వు చెప్పావని నడిచా పాపా."

ఆసుపత్రిలో ఎముకల డాక్టరు నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు. ఎక్స్‌రే చూసి, బంతి తీసేసి లోహపు బంతి పెట్టాలన్నాడు. కాడతో సహా ఉండే ఆ లోహపు బంతి ఇవాళ కొత్తది కాదు. అమెరికాలో ఆస్టిన్ మూర్ అనే డాక్టరు పేరుతో ఉన్న రకం మన దేశంలో చిన్న పట్టణాల్లో కూడా దశాబ్దాలుగా వాడుతున్నారు. ఆపరేషన్ వయసును చూసి భయపడవలసింది కాదు. పడుకోబెట్టడానికే భయపడాలి. మంచాన ఉన్నకొద్దీ ఊపిరితిత్తుల్లో చీము, కాళ్ళ నరాల్లో రక్తపు గడ్డలు, వీపు పుండ్లు వచ్చిపడతాయి. వీలయితే ఒకటి రెండు రోజుల్లోనే ఆపరేషన్ చేసి మర్నాడే కూర్చోబెట్టాలని ఇప్పుడు అన్నిచోట్లా అంటున్నారు. ఇంతా చేసినా, చాలా దేశాల లెక్కల్లో, తుంటి విరిగినవాళ్ళలో సుమారు ఐదుగురిలో ఒకరు ఏడాది తిరక్కుండానే పోతున్నారు. మగవాళ్ళకు ఈ బాధ తక్కువగా వస్తుంది. వస్తే మాత్రం ప్రాణం మీదికి రావడం ఆడవాళ్ళలో కంటే ఎక్కువ.

"ఏమేం మందులు వాడుతున్నారు?" అని అడిగాడాయన. అన్నయ్య ఇంటికి వెళ్ళి అమ్మ మందుల డబ్బా తెచ్చాడు. పాత బిస్కెట్ల డబ్బా. ఆసుపత్రి వరండాలో బల్ల మీద దాన్ని బోర్లించి ఒక్కొక్కటే తీసి చూశాను. ఇలాంటి డబ్బా మీ ఇంట్లోనూ ఉంటుంది. కాబట్టి అందులో ఏముందో వివరంగా చెబుతాను.

మొదటిది బి.పి. మాత్ర. పది రోజుల కిందటే, అన్నయ్య ఫోనులో చెప్పిన అంకె చూసి, అర మాత్రను ఒకటి చేసింది నేనే. పడుకున్నప్పుడు బాగానే ఉన్న రక్తపోటు లేచి నిలబడగానే పడిపోతుందేమో చూడమని అడగలేదు. ముసలితనంలో చాలామందికి అలా పడిపోతుంది. కళ్ళు బైర్లు కమ్ముతాయి. ఆ మాత్ర పెంచినప్పుడు మరీను.

రెండోది ఒంటి నీరు లాగే మాత్ర. పొద్దున మరచిపోతుందని రాత్రి భోజనం కాగానే వెయ్యమన్నదీ నేనే. అంటే అర్ధరాత్రి రెండుసార్లు బాత్‌రూముకు లేపే ఏర్పాటు నేను చేశానన్నమాట.

మూడోది నిద్రమాత్ర. నాన్నగారు పోయిన కొత్తల్లో, నిద్ర పట్టక గోడకానుకుని కూర్చునేది. పదిహేను రోజులకని రాసి ఇచ్చాను. మూడేళ్ళు వేసుకుంది. అన్నయ్య పాత చీటీ చూపిస్తే షాపువాడు ఇస్తూనే ఉన్నాడు. లేపే మాత్ర, తూలించే మాత్ర, కళ్ళు తిప్పే మాత్ర, మూడూ ఒకే రాత్రి, ఒకే గ్లాసు నీళ్ళతో. ఏ ఒక్కటీ తప్పుడు మందు కాదు. మూడింటినీ ఒకచోట పెట్టి చూసినవాళ్ళే లేరు.

నాలుగోది కాగితంలో చుట్టిన చిన్న తెల్ల మాత్రలు. వాటితోపాటు ఒక రేకు ముక్క ఉంటే పేరు చదివాను. ప్రెడ్నిసొలోన్. ఆయాసానికని ఊళ్ళో మందులిచ్చే ఒకాయన ఇచ్చాడట. "అది వేసుకుంటే ఒళ్ళు తేలిగ్గా ఉంటది పాపా, ఆకలేస్తది" అంది అమ్మ. రెండేళ్ళకు పైగా వేసుకుంటోంది. నాకు చెప్పలేదు, నేను అడగలేదు. ఈ జాతి మందులు ప్రాణం నిలబెట్టే మందులే. అయితే మూడు నెలలు దాటి రోజూ మింగితే ఎముకను లోపలినుంచి తినేస్తాయి. మోకాళ్ళ నొప్పులకు, ఆయాసానికి పొట్లాలు కట్టి ఇచ్చే "పవరు మాత్ర"ల్లో ఇవి ఉండడం చూస్తూనే ఉన్నాం. ఇంకో మాట. ఇది చదివి ఇవాళే ఆ మాత్ర ఆపేయకండి. చాలాకాలం వాడినవాళ్ళు ఒక్కసారిగా ఆపితే ప్రాణాపాయం. డాక్టరు చెప్పిన చొప్పున మెల్లగా తగ్గించాలి. ఆపరేషన్ ముందు మత్తు డాక్టరుకు ఈ సంగతి తప్పకుండా చెప్పాలి. ఆ డబ్బా బోర్లించకపోతే అమ్మ ఆపరేషన్ బల్ల మీదే పోయి ఉండేదేమో.

డబ్బా అడుగున ఉన్నది నేను రెండేళ్ళ కిందట తెచ్చిచ్చిన కాల్షియం సీసా. మూత కూడా తీయలేదు. వేడి చేస్తుందని ఎవరో అన్నారట.

"మీరూ డాక్టరే కదండీ?" అన్నాడా కుర్రాయన. ఎత్తిపొడుపుగా అనలేదు. అయినా జవాబు చెప్పలేకపోయాను.

ఇంతవరకు చెప్పింది పడిపోవడానికి కారణాలు. మా ఇంట్లో నిలువునా పడిన మనవరాలికి మోకాలు దోక్కుపోయింది తప్ప ఏమీ కాలేదు. పడడం ఒక ఎత్తు, పడితే విరగడం ఇంకో ఎత్తు. రెండోదానికి కారణాలు వెతికితే ముప్పై ఆరేళ్ళు వెనక్కి వెళ్ళవలసి వచ్చింది.

1976లో అమ్మకు గర్భసంచి తీసేశారు. అప్పటికి ఆమె వయసు 38. బట్టంటు ఎక్కువగా ఉందని, పిల్లలున్నారు కదా ఇక దానితో పనేమిటని, అండాశయాలతో సహా తీసేశారు. ఆడవాళ్ళ ఎముకకు కాపలా కాసేది అండాశయాల్లో పుట్టే ఈస్ట్రోజన్ అనే హార్మోను. మామూలుగా ముట్లు ఆగిపోయే వయసు దాకా, అంటే 46, 48 దాకా ఆ కాపలా ఉంటుంది. అమ్మకు పదేళ్ళ ముందే పోయింది. సంచి ఒక్కటే తీసి అండాశయాలు ఉంచినా, కొందరిలో అవి తొందరగా అలసిపోతాయి.

ఇది మా ఇంటి కథ మాత్రమే అనుకోకండి. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళలోపు ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు తొమ్మిదిమంది. దేశంలో అన్నిటికంటే ఎక్కువ. దాని వెనకే తెలంగాణ. కడుపునొప్పి అంటే తీసేయడం, తెల్లబట్ట అంటే తీసేయడం. క్యాన్సరు వస్తుందని భయపెట్టి తీసేయడం కూడా విన్నాను. తీయవలసిన సందర్భాలు ఉన్నాయి, కాదనను. కాని ముప్పై అయిదేళ్ళకు ఆ ఆపరేషన్ చేయించుకున్న ఆడమనిషికి ఎముకల గురించి ఒక్క మాటైనా చెప్పి పంపిన డాక్టరును నేను అరుదుగా చూశాను. మీ ఇంట్లో అలాంటివాళ్ళుంటే తుంటి విరిగే వయసు వచ్చేదాకా ఆగవద్దు. యాభైకే ఎముకల పరీక్ష చేయించండి.

ఎముక గుల్లబారుతున్నప్పుడు నొప్పి ఉండదు. పంటి నొప్పిలా పిలిచి చెప్పదు. చెప్పేదల్లా రెండు విధాలుగా. అమ్మకు రెండూ చెప్పింది. 2007లో కొండ బిట్రగుంట ప్రసన్న వేంకటేశ్వరస్వామి బ్రహ్మోత్సవాలకు వెళ్ళి, మెట్ల మీద తూలి చెయ్యి ఆనించింది. మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు కట్టి విప్పారు. స్వామి దయవల్ల చేతితో పోయిందనుకున్నాం. యాభై దాటిన మనిషి నిలబడ్డ ఎత్తునుంచి పడి మణికట్టు విరిగిందంటే, తర్వాతి వంతు తుంటిదో వెన్నుదో అని అర్థం. ఆనాడే మందులు మొదలుపెట్టి ఉండవలసింది. ఇక రెండోది, పొట్టి కావడం. పూజ అల్మారా పై అరలో కుంకుమ భరిణె అందడం లేదని కింది అరలోకి మార్చుకుంది. వెన్నుపూసలు ఒకటొకటే నలిగి ఎత్తు తగ్గిపోతుంటే, వయసు కదా, వంగిపోయింది అనుకున్నాం.

పైగా నాన్నగారు పోయాక బాగా చిక్కిపోయింది. రాత్రి భోజనం మానేసింది. మజ్జిగ తప్ప పాలు లేవు. సన్నగా ఉంటే ఆరోగ్యమని మనం మెచ్చుకుంటాం. ముసలితనంలో మరీ సన్నబడితే ఎముకా పలచబడుతుంది, పడ్డప్పుడు తుంటికి అడ్డం ఉండవలసిన కండా ఉండదు.

ఎండ మనకు కొదవా అని అడుగుతారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. తిరుపతి స్విమ్స్ వైద్యులు ఆరోగ్యంగా ఉన్న పల్లెటూరి వాళ్ళనూ పట్నం వాళ్ళనూ పరీక్షించి 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఎండలో ఇంత మాడే మన ప్రాంతంలోనే చాలామందికి విటమిన్ డి చాలలేదు. పట్నంవాళ్ళలో మరీ తక్కువ. తిండిలో కాల్షియం రోజుకు 300 మిల్లీగ్రాముల అటూ ఇటూ. ఉండవలసింది 1000, ముట్లు ఆగిన ఆడవాళ్ళకు 1200. చూడండి, మూడో వంతు కూడా లేదు! ఆ లోటు మాత్రలతోనే పూడాలని లేదు. రాగులు, నువ్వులు, మునగాకు, పాలు, పెరుగు ఉన్నాయి. మాంసాహారులైతే మన సముద్రపు ఒడ్డున దొరికే నెత్తళ్ళు. ముల్లుతో సహా నమిలే ఆ చిన్నచేపను మించిన కాల్షియం మాత్ర లేదు. మా అమ్మ శాకాహారి. నువ్వులపొడి చేసిపెట్టే తీరిక నాకు లేకపోయింది.

నెల్లూరు జిల్లా వాళ్ళకు ఇంకో సంగతి కూడా చెప్పాలి. మెట్ట ప్రాంతపు నీళ్ళలో ఫ్లోరైడు వల్ల ఎముకలు బిగుసుకుపోయే జబ్బును మన దేశంలో మొదట గుర్తించి 1937లో వైద్య పత్రికలో రాసింది మన నెల్లూరు ప్రాంతపు రోగులను చూసే. ఆ నీళ్ళు తాగినవాళ్ళ ఎముక ఎక్స్‌రేలో లావుగా, తెల్లగా, దిట్టంగా కనబడుతుంది. కాని దిట్టం కాదు. అమెరికాలో మేయో క్లినిక్ వారు ఫ్లోరైడునే ఎముకల మందుగా వాడి చూసి 1990లో ఫలితం చెప్పారు. వెన్నెముక సాంద్రత పెరిగింది, వెన్ను విరుగుళ్ళు తగ్గలేదు, మిగతాచోట్ల విరుగుళ్ళు పెరిగాయి. అందుచేత ఫ్లోరైడు ఊళ్ళనుంచి వచ్చిన పెద్దవాళ్ళ విషయంలో సాంద్రత అంకె ఒక్కటే చూసి ధీమా పడకూడదు.

ఇంగ్లండులోని షెఫీల్డు విశ్వవిద్యాలయం వారు 2008లో ఒక లెక్క తయారుచేశారు. ఫ్రాక్స్ అంటారు. వయసు, బరువు, ఎత్తు, ఇదివరకు ఎముక విరిగిందా, తల్లికిగాని తండ్రికిగాని తుంటి విరిగిందా, పొగ, మద్యం, స్టెరాయిడ్లు, కీళ్ళవాతం, ఇవన్నీ వేస్తే రాబోయే పదేళ్ళలో విరిగే అవకాశం ఎంతో చెబుతుంది. మంచిదే. కాని ఆ పట్టికలో ఆనాడు పడిపోవడం గురించి ప్రశ్నే లేదు. బాత్‌రూము ఎక్కడుంది, బల్బు వెలుగుతుందా అని ఏ పట్టికా అడగదు. అది మనం అడగాలి.

మా ఇంట్లో బాత్‌రూము పెరటిలో. మంచం దిగి, రెండు గడపలు దాటి, రెండు మెట్లు దిగాలి. లైటు స్విచ్ వంటింటి తలుపు పక్కన, మంచానికి ఇరవై అడుగుల దూరంలో. నిద్ర లేపడం ఎందుకని చీకట్లోనే నడిచేది. కాళ్ళకు అరిగిపోయిన హవాయి చెప్పులు. కుడి కంట్లో పొర. ఆపరేషన్ ఎండలు తగ్గాక అనుకున్నాం, తర్వాత సంక్రాంతి కానీయమన్నాం. సంక్రాంతి వెళ్ళిన వారానికే పడింది.

ఇవన్నీ తిప్పడానికి పట్టింది రెండు రోజులు, ఖర్చు అయిదారు వేల రూపాయలు. మంచం పక్కనే స్విచ్. రాత్రంతా వెలిగే చిన్న దీపం. గోడకు నడుమెత్తున ఇనుప పైపు, మంచం దగ్గరనుంచి బాత్‌రూము దాకా. మెట్ల బదులు ఏటవాలు. మంచం పక్కన కుర్చీలా ఉండే కమోడు. మొదట అమ్మ ఒప్పుకోలేదు, పడకగదిలో అదేమిటి అసహ్యంగా అంది. వదిన రోజూ పొద్దున్నే దాన్ని కడిగి బయట ఎండలో పెట్టడం చూసి ఊరుకుంది. నీటిమాత్ర పొద్దుటికి మారింది. నిద్రమాత్ర రెండు నెలల్లో మెల్లగా మానిపించాం. లేచే ముందు మంచం అంచున కూర్చుని, కాళ్ళు కిందికి వేలాడేసి, ఒక నిమిషం ఆగి అప్పుడు నిలబడడం నేర్పాం. కన్ను ఆపరేషన్ అయింది.

ఎముకకు మందు కూడా మొదలుపెట్టారు. వారానికొక మాత్ర వేసుకునే రకం ఉంది. పరగడుపున గ్లాసెడు నీళ్ళతో మింగి, అరగంట పడుకోకుండా ఉండాలి. లేకపోతే గొంతూ ఛాతీ పుండవుతాయి. అమ్మకు అది పడకపోతే ఏడాదికొకసారి ఎక్కించే ఇంజెక్షన్ ఇచ్చారు. మూత్రపిండాలు సరిగా ఉన్నాయా, పళ్ళు పీకించే పని ఏమైనా ఉందా అని చూసి ఇస్తారు. తుంటి విరిగి ఆపరేషన్ అయి ఇంటికి వచ్చినవాళ్ళలో చాలామందికి ఈ మందు రాయరు. విరిగింది అతికించాం, పని అయిపోయిందనుకుంటారు. రెండో తుంటి ఉంటుంది కదా! డిశ్చార్జి రోజున మీరే నోరు తెరిచి అడగండి.

ఆపరేషన్ అయిన రెండో రోజే అమ్మను నిలబెట్టారు. ఏడ్చింది, తిట్టింది, నడిచింది. నెలన్నరకు వాకరు, ఆ తర్వాత చేతికర్ర. దెబ్బకంటే మళ్ళీ పడతానేమోనన్న భయం ఎక్కువ బాధపెట్టింది. కదిలితే పడతానని కదలడం మానేసేవాళ్ళ కాళ్ళు ఇంకా నీరసపడి, ఆ కారణంగానే మళ్ళీ పడతారు. అన్నయ్య రోజూ కుర్చీలోంచి చేతులు ఆనించకుండా అయిదుసార్లు లేపి కూర్చోబెట్టేవాడు. మొదట ఒక్కసారి కూడా లేవలేకపోయేది. మీ ఇంట్లో పెద్దవాళ్ళ చేత ఇది చేయించి చూడండి. చేతులు ఆనించకుండా లేవలేకపోతే, ఆ కాళ్ళకు పని చెప్పవలసిన రోజు వచ్చిందన్నమాట.

కొండ మళ్ళీ ఎక్కలేదు. సాయంత్రాలు కర్రతో స్టేషను దాకా వెళ్ళి, బెంచీ మీద కూర్చుని బళ్ళు చూసి వచ్చేది. ఆరేళ్ళు బతికింది. 2018లో పోయింది, తుంటితో సంబంధం లేని జబ్బుతో. గురువారం సంగతి మళ్ళీ ఎత్తలేదు. నేనే ఒకటి రెండుసార్లు ఎత్తబోతే మాట మార్చింది.

తల్లికి తుంటి విరిగిందా అన్న ప్రశ్నకు ఇప్పుడు నేను అవునని రాయాలి. అరవై దాటాక పరీక్ష చేయించుకున్నాను. పలచబడింది, గుల్లబారలేదు ఇంకా. నువ్వులపొడి డబ్బా వంటింట్లో ముందు వరసకు వచ్చింది. మా బాత్‌రూములో స్టీలు కడ్డీ పెట్టిస్తే మావారు, "ఇది ఆసుపత్రా, ఇల్లా?" అన్నారు. రోజూ దాన్నే పట్టుకుంటున్నారు.

పోయిన సంక్రాంతికి బిట్రగుంట వెళ్ళాను. అమ్మ కోసం వేసిన ఇనుప పైపు ఇంకా గోడకు ఉంది. రంగు పోయింది. రాత్రి మెలకువ వచ్చి చూస్తే, చిన్న దీపం వెలుగులో డెబ్బై దాటిన అన్నయ్య దాన్ని పట్టుకుని మెల్లగా బాత్‌రూముకు నడుస్తున్నాడు.